ఒంటి చెప్పు చప్పుడు

సినిమాలో హీరో నడిచొస్తుంటే హాలంతా ఈలలు వేస్తుంది కదా, ఆ నడకలో సగమే అతనిది. బొమ్మ అతనిది, చప్పుడు మాత్రం అరవై ఒక్కేళ్ళ ఆడమనిషిది. షూటింగులో అందరి ధ్యాసా మొహాల మీదా మాటల మీదా ఉంటుంది. అడుగులు, తలుపులు, గ్లాసులు, బట్టల రెపరెపలు మాత్రం తర్వాత ఒక మూసిన గదిలో, తెర మీద బొమ్మను చూస్తూ ఎవరో ఒకరు చేసి అతికించాలి. ఆ ఎవరో ఒకరు ఆమె. స్టూడియోలో అందరూ ఆమెను అడుగులమ్మ అంటారు. అసలు పేరు జీతం కాగితాల్లో ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా ఇంకెవరినో అనుకుని పక్కకు చూస్తుంది.

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె అదే గదిలో నడుస్తోంది. ఒక మూల ఇసుక తొట్టె, దాని పక్కన కంకర తొట్టె, తర్వాత చెక్క పలక, నాపరాయి, మూడు సిమెంటు మెట్లు, చట్రానికి బిగించిన పాత ఇనుప షట్టరు. గోడ నిండా చెప్పులూ బూట్లూ. "కాలికి బలపం కట్టుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళను చూశాను గానీ, గడప దాటకుండా ఇంత దూరం నడిచినదాన్ని నిన్నే చూశాను," అంటాడు ఆమె భర్త. ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి, దూరాల సంగతి ఆయనకు బాగా తెలుసు.

ఆ గదిలో ఆమె ఇంకొకరిని ముట్టుకోనివ్వని వస్తువు ఒక్కటే. కర్ర పిడి ఉన్న ఒక నల్ల గొడుగు. దాన్ని పట్టుకుని టపటపా సగం తెరిచి మూస్తుంటే పావురాల గుంపు లేచినట్టే ఉంటుంది. మన సినిమాల్లో హీరోయిను చేతులు చాచి గిరగిరా తిరగ్గానే ఎగిరే పావురాలున్నాయే, అవన్నీ ఆ గొడుగులోంచి ఎగిరినవే. దాన్ని తెరిచే ముందు ప్రతిసారీ ఆమె పెదవులు కొంచెం కదులుతాయి. ఊపిరి పీల్చుకుంటోందని సౌండు ఇంజనీరు అనుకునేవాడు. ఆమె నిజానికి "అన్నా, నీ మేలు మరచిపోను" అనుకుంటుంది.

ఆ గొడుగు ఆమెది కాదు.

నలభై రెండేళ్ళ కిందట, గద్దె దిగనని మొండికేసిన పెద్దమనిషిని దింపడానికి ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. అప్పుడామె పందొమ్మిదేళ్ళ పిల్ల, టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఉద్యోగం. విప్లవం మీద ప్రేమతో వెళ్ళిందని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది గానీ, సూపర్‌వైజరమ్మ వెళ్తుంటే వెనకాలే వెళ్ళింది. వెళ్ళకపోతే ఆవిడేమంటుందోనని భయం. అయితే మూడో వీధి దాటేసరికి సూపర్‌వైజరమ్మ కంటే ఈ పిల్ల గొంతే పెద్దగా వినిపించింది, అదీ నిజమే.

మిట్టమధ్యాహ్నం కాల్పులు మొదలయ్యాయి. జనం చెల్లాచెదురయ్యారు. తోపులాటలో ఎడమ కాలి చెప్పు ఊడిపోయింది. పరిగెత్తి పరిగెత్తి ఒక సందులో దూరితే, రెండు పక్కలా కొట్లన్నీ మూసి ఉన్నాయి. కొట్టిన షట్టరు కొట్టకుండా కొట్టుకుంటూ పోయింది. ఆరోదో ఏడోదో జానెడు పైకి లేచింది. కింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి, రమ్మని వేళ్ళు ఆడించింది. ఆమె నేల మీద పడుకుని లోపలికి జారింది.

లోపల కరెంటు లేదు. కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనపడని చీకటి. ఆ మనిషి మొహం ఆమె చూడలేదు, చూసే వీలు లేదు. విన్నది మాత్రం బాగా విన్నది. ఆయన కుడి కాలు గట్టిగా పడేది, ఎడమ కాలు వెనక ఈడ్చుకుంటూ వచ్చేది. ఆ బూటు మడమ కింద ఇనుప ముక్క ఏదో ఉండి నేలను గీసేది. టక్కుమని ఒకటి, బరబరమని ఒకటి. మంచినీళ్ళ చెంబు అందించి దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. బయట బూట్లు పరిగెత్తినప్పుడల్లా ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఉండలేక ఆమె లేచి అటూ ఇటూ తిరిగితే, ఒంటి చెప్పు చప్పుడు ఒకసారీ ఉత్త పాదం చప్పుడు ఒకసారీ అయ్యేది. మూడు గంటలు ఆ గదిలో మాటల కంటే అడుగులే ఎక్కువ.

చప్పుళ్ళు సద్దుమణిగాక ఆయన ఒక గొడుగు చేతికిచ్చాడు. "ఎండ మండిపోతోంది. గొడుగు వేసుకున్న మనిషిని చూస్తే ఏదో పనిమీద పోతోందనుకుంటారు. ఆ రెండో చెప్పు కూడా ఇక్కడే వదిలెయ్, ఒంటి చెప్పుతో వెళ్తే అనుమానం వస్తుంది. పరిగెత్తకు. నడువు," అన్నాడు. ఆమె నడిచింది. కాళ్ళు పరుగు పరుగంటున్నా వాటిని లాగి పట్టి, తన అడుగుల చప్పుడు తానే వింటూ ఇంటిదాకా నడిచింది. తలుపు గడియ వేశాక గుర్తొచ్చింది, ఆ మనిషికి ఒక్క మాట కూడా చెప్పలేదని.

రెండు నెలల తర్వాత గద్దె మీది పెద్దమనిషి విమానమెక్కి పారిపోయాడు, జనం రోడ్ల మీద గంతులు వేశారు. ఆమె గొడుగు పట్టుకుని ఆ సందుకు వెళ్ళింది. సందు లేదు. రోడ్డు వెడల్పు చేయాలని కొట్ల వరసంతా నేలమట్టం చేశారు. ఎవరిని అడిగినా ఎవరి కొట్టో, ఎటు వెళ్ళారో తెలియదన్నారు. పేరు తెలియదు, మొహం తెలియదు, అది దేని కొట్టో కూడా సరిగ్గా తెలియదు. కొత్త బట్ట వాసనా నూనె వాసనా వచ్చిందని తప్ప చెప్పడానికేమీ లేదు. కాళ్ళరిగేలా తిరిగి ఊరుకుంది. నాలుగేళ్ళకు స్టూడియోలో పని దొరికింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, వాళ్ళూ స్థిరపడ్డారు. ఇక ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే. ఆ మనిషి బతికుంటే ఎదురుగా నిలబడి ఒక్క మాట చెప్పాలి.

ఈ కొత్త సినిమా వచ్చినప్పుడు ఇంజనీరు మామూలుగానే చెప్పాడు. "ప్రేమకథ అమ్మా. వెనకాల విప్లవం."

"వెనకాలా? మాకు ముందునుంచే వచ్చింది నాయనా," అంది అడుగులమ్మ, చెప్పులు వేసుకుంటూ.

ఇంజనీరు మంచివాడే, ముక్కు మీద కోపం తప్ప. పన్నెండేళ్ళుగా గాజు పలక అవతల కూర్చుని ఆమె చప్పుళ్ళు పట్టుకుంటున్నాడు. సినిమా తీసింది ఒక చిన్న వయసు దర్శకురాలు. అది ఆమె మొదటి సినిమా, అందుకే వెనక కుర్చీలో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూ ఉంటుంది.

మూడు రోజులు పని చకచకా సాగింది. కాల్పుల్లో కూడా హీరో జుట్టు చెదరలేదు. హీరోయిను మొహానికి మసి కూడా ఎక్కడ అంటితే అందంగా ఉంటుందో అక్కడే అంటింది. అడుగులమ్మకు ఇవన్నీ అలవాటే, కడుపులో నవ్వుకుని పని చేసుకుపోతుంది. నాలుగో రోజు తెర మీద ఒక సందు వచ్చింది. మూసిన కొట్లు. ఒక షట్టరు జానెడు పైకి లేచింది. అమ్మాయి కిందనుంచి జారింది. కాలికి ఒక చెప్పే ఉంది.

ఆమె తన ఎడమ పాదం వైపు చూసుకుంది. ఆ వెంటనే తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ రోజు ఊళ్ళో ఎన్ని షట్టర్లు లేచాయో, ఎన్ని చెప్పులు ఊడాయో. పైగా తెర మీద ఉన్నది పుస్తకాల కొట్టు, గోడల నిండా అట్టలు మెరుస్తున్నాయి. ఆమె షట్టరు ఎత్తింది, నేల మీద జారింది, ఒంటి చెప్పుతో నాలుగడుగులు వేసింది. తర్వాత మగ బూట్లు తొడుక్కుని, దీపం పట్టుకుని గది ఆ చివరి నుంచి నడిచొచ్చే హీరో అడుగులు వేసింది.

గాజు అవతల ఇంజనీరు దాన్ని మళ్ళీ వేసి విన్నాడు. చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్ తీసి ఆమె వైపు చూశాడు.

"అమ్మా, ఇదేంటి?"

"ఏమైంది?"

"హీరో శుభ్రంగా నడుస్తున్నాడు. మీరు కుంటుతున్నారు."

ముప్పై ఎనిమిదేళ్ళలో అడుగు తప్పడమన్నది లేదు. ఏడుపొచ్చే సీన్లలో, ఒంట్లో జ్వరం ఉన్నప్పుడు, చివరికి వాళ్ళ నాన్న పోయిన మర్నాడు కూడా ఆమె అడుగు బొమ్మతో కలిసే పడింది. మళ్ళీ చేసింది. కుడి కాలు గట్టిగా పడింది, ఎడమ బూటు బరబరమంటూ నేలను గీసింది. మూడోసారీ అంతే. కాళ్ళు ఆమె మాట వినలేదు.

"మోకాలు నొప్పిగా ఉంటే రేపు చేద్దాం లెండి," అన్నాడు ఇంజనీరు, కోపం మింగుకుని.

అప్పుడు వెనక కుర్చీలోంచి దర్శకురాలు లేచి, గాజు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది.

"మా తాతయ్య ఎడమ కాలు ఈడుస్తాడని మీకెవరు చెప్పారు?"

"మీ తాతయ్యెవరమ్మా?" అంది అడుగులమ్మ.

"ఈ కథ మా తాతయ్యదే. ఆయనలా నడవమంటే హీరో ఒప్పుకోలేదు, నేనూ ఊరుకున్నాను. స్క్రిప్టులో ఆ మాటే లేదు. ఎవరికీ చెప్పలేదు నేను."

అడుగులమ్మ తెర వైపు చూపించింది. "ఆయనది పుస్తకాల కొట్టేనా?"

"కాదండీ. గొడుగులు బాగుచేసే కొట్టు. ప్రేమకథకు గొడుగులేం బాగుంటాయని నిర్మాతగారు పుస్తకాలు పెట్టించారు."

కొత్త బట్ట వాసన, నూనె వాసన. అడుగులమ్మ ఉన్నచోటే కూలబడింది. ఉన్నచోటు ఇసుక తొట్టె అయింది గనక దెబ్బ తగల్లేదు. నలభై రెండేళ్ళుగా అడగాలనుకున్న ప్రశ్న తీరా నోటికొచ్చేసరికి ఒక్క మాటే అయింది.

"ఉన్నారా?"

"ఉన్నాడండీ. డెబ్బై తొమ్మిది. చూపు పోయింది గానీ మనిషి గట్టిగానే ఉన్నాడు," అంది దర్శకురాలు, ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటూ. "మీకు తాతయ్య తెలుసా? అయితే ఆ అమ్మాయి కూడా తెలుసేమో. మా తాతయ్య ఇచ్చిన గొడుగు వేసుకుని వెళ్ళి, సందు చివర మలుపులోనే చనిపోయిందట. ఆయన ఇప్పటికీ ఆ మాట ఎత్తితే అన్నం సగంలో వదిలేసి లేచిపోతాడు. సినిమా ముగింపు అదే. గొడుగు రోడ్డు మీద దొర్లుతుంది, తెర చీకటైపోతుంది. వచ్చే వారం మీరు చెయ్యాల్సిన సీను."

అడుగులమ్మకు పోయిన ప్రాణం ఒకటి లేచొచ్చినట్టూ, ఆ పక్కనే ఇంకేదో గుండె మీద కూర్చున్నట్టూ అనిపించింది. తను ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదని బాధపడింది. ఆ మనిషి మాత్రం ఇన్నేళ్ళూ ఒక పిల్లను చావుకు పంపానని బతికాడు. ఆమె లేచి, మూలనున్న నల్ల గొడుగు తెచ్చి దర్శకురాలి చేతిలో పెట్టింది.

"చనిపోయినదాన్ని నేనేనమ్మాయీ," అంది.

ఇంజనీరు గాజు అవతల నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు. రికార్డింగు ఆపడం మరచిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె చెప్తుంటే భర్త మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు, అది ఆయన విషయంలో వింతే. గొడుగు కథ ఆయన పెళ్ళయిన కొత్తలో విన్నాడు, తర్వాత ఎన్నిసార్లు విన్నాడో ఆయనకే తెలియదు. అంతా అయ్యాక గడ్డం గోక్కున్నాడు.

"అయితే సినిమాలో నువ్వూ ఆయనా ప్రేమించుకుంటారన్నమాట. మరి నేనెక్కడ?"

"మీరు ఇంటర్వెల్ తర్వాత కూడా లేరండీ."

"ఈ వయసులో ఈ మాట పడాల్సొచ్చింది," అని ఆయన లేచి, పెట్టెలోంచి తెల్ల చొక్కా తీసి ఇస్త్రీ మొదలుపెట్టాడు. ఎందుకని ఆమె అడగబోయేలోపు తనే చెప్పాడు, తల ఎత్తకుండా. "ఆదివారం నేనూ వస్తాను. ఆయన ఆ షట్టరు ఎత్తకపోతే నాకు నువ్వూ లేవు, పిల్లలూ లేరు, ఈ ఇల్లూ లేదు. నువ్వొక్కదానివే చెప్పి వచ్చేస్తే ఎలా?"

ఆదివారం పొద్దున ఇద్దరూ వెళ్ళారు. మూడో అంతస్తు. మెట్లెక్కుతూ అడుగులమ్మ తను చెప్పాల్సింది నాలుగుసార్లు వల్లె వేసుకుంది. దర్శకురాలు తలుపు దగ్గరే ఎదురొచ్చి గొంతు తగ్గించింది. "నేనేమీ చెప్పలేదండీ. ఎలా చెప్పాలో తెలియలేదు. ఎవరో చుట్టాలొస్తున్నారన్నాను."

లోపల కిటికీ పక్కన పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఎవరిదో గొడుగు, చుట్టూ సన్నటి ఇనుప పుల్లలు, దారపు ఉండ. చూపు లేకపోయినా వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కింద ఇళ్ళవాళ్ళు ఇంకా తెచ్చిస్తారట. ఆయన మొహం చూడటం అడుగులమ్మకు ఇదే మొదటిసారి. ఇలా ఉంటాడని ఎప్పుడూ అనుకోలేదు, ఇంకెలా ఉంటాడనుకుందో కూడా గుర్తులేదు. వల్లె వేసిందంతా గాలికి పోయింది. ఆ రోజు లాగానే నోట మాట రాలేదు.

మాట రానప్పుడు మనిషి తనకొచ్చిన పనే చేస్తాడు. ఆమె గుమ్మంలో నిలబడి ఎడమ కాలి చెప్పు విప్పింది. కుడి కాలిది ఉంచుకుంది. ఆ గచ్చు మీద మెల్లగా, ఆయన వైపు ఏడెనిమిది అడుగులు వేసింది. చెప్పు చప్పుడు ఒకటి, పాదం చప్పుడు ఒకటి.

దారం లాగుతున్న చెయ్యి మధ్యలో ఆగింది. పెద్దాయన తల ఎత్తలేదు. చెవి మాత్రం ఆమె వైపు తిప్పాడు.

"రెండో చెప్పు దొరకలేదా ఇంకా?" అన్నాడు ఆయన.

"లేదన్నా," అంది ఆమె. అంతే, కింద కూర్చుని ఏడ్చేసింది.

ఆయన చెయ్యి చాచి గాల్లో వెతికితే, ఆమె గొడుగు అందించింది. పెద్దాయన దాన్ని తెరవలేదు. ఒళ్ళో పెట్టుకుని, గుడ్డ అంచు పుల్లకు కలిసే చోట వేళ్ళతో తడిమాడు. ఒక పుల్ల, రెండో పుల్ల, మూడో పుల్ల. అక్కడ బొటనవేలు ఆగి, దారం ముడి మీద అటూ ఇటూ తిరిగింది.

"నాలుగు ముళ్ళు. ఇది నా కుట్టే," అన్నాడు.

చాలాసేపటికి గానీ మిగతాది చెప్పలేకపోయాడు. ఆమె మలుపు తిరిగిన కాసేపటికే అటువైపు తుపాకులు పేలాయట. మర్నాడు పొద్దున కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి చూస్తే, మలుపులో ఒక నల్ల గొడుగు బోర్లా పడి ఉంది. పక్కన నెత్తురు ఆరిపోయి ఉంది. "నల్ల గొడుగులన్నీ ఒకలాగే ఉంటాయమ్మా. తిప్పి చూస్తే నా కుట్టో కాదో ఒక్క నిమిషంలో తెలిసేది. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? వంగాను. చెయ్యి చాచాను. కాళ్ళూ చేతులూ చల్లబడిపోయాయి. తిప్పలేక వెనక్కి వచ్చేశాను. ఆ ఒక్క నిమిషం ధైర్యం చేసుంటే నలభై రెండేళ్ళు హాయిగా నిద్రపోయేవాణ్ణి."

ఆ గొడుగు ఎవరిదో, దాని కింద ఎవరు పడ్డారో ఇక ఎవరికీ తెలియదు. ఆ మాట గదిలో అందరికీ తట్టింది.

"అన్నా," అంది అడుగులమ్మ, మొహం తుడుచుకుని. "ఆ రోజు వెళ్తూ వెళ్తూ నీకొక మాట చెప్పకుండా పోయాను. దానికోసం తిరగని చోటు లేదు. నీ దయ వల్ల నేను ఇల్లు చేరాను. అమ్మను చూసుకున్నాను. ఈయన్ని చేసుకున్నాను. ఇద్దరు పిల్లలు, ముగ్గురు మనవలు. రోజూ పొద్దున లేచి కాలు కింద పెట్టగానే నువ్వే గుర్తొస్తావు. నీ మేలు మరచిపోను."

"నా తరఫున కూడా," అన్నాడు భర్త. బస్సులో యాభైమందిని ఒక్క కేకతో సర్దగలిగిన గొంతు, ఎందుకో లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "నువ్వు నాకు చెప్తావేంటమ్మా. నేను నీకు చెప్పాలి. బతికున్నావు, చాలు. వచ్చి చెప్పావు, ఇంకా చాలు. నేనిప్పుడు ఎంత తేలిగ్గా ఉన్నానో నీకు తెలియదు." తర్వాత వేళ్ళు గొడుగు మీద ఇంకొంచెం ముందుకు వెళ్ళాయి, ఆయన మొహం చిట్లించాడు. "ఇదేంటి, ఈ పుల్లలన్నీ ఇలా వదులైపోయాయి? వానకు వాడితే ఇలా అవదే. ఏం చేశావు దీన్ని?"

అడుగులమ్మ తప్పు చేసిన పిల్లలా చెప్పింది. "పావురాలన్నా."

పావురాల సంగతి విన్నాక ఆయన నవ్విన నవ్వుకు ఒళ్ళోని పుల్లలన్నీ కింద పడ్డాయి. సినిమా అంటే గిట్టని మనిషట. తన గొడుగు అన్ని సినిమాల్లో వేషాలు వేసిందంటే నమ్మలేక మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. అప్పటికప్పుడే రెండు పుల్లలు బిగించి, పిడి ఆమె చేతిలోనే పెట్టాడు. "నేనెక్కడికి వెళ్తాను, నాకెందుకు. నీ దగ్గరే ఉంచు. మెల్లగా తెరువు, ముసలిదైంది."

"తాతయ్యా, ఇందాకణ్ణుంచి ఆవిడ నిన్ను అన్నా అన్నా అంటున్నారు. నా ప్రేమకథ సంగతేంటి?" అంది దర్శకురాలు, ముక్కు ఎగబీల్చుకుంటూ.

"ప్రేమకథ నువ్వు రాసుకున్నావు, నేను చెప్పలేదు. చీకట్లో మూడు గంటలు గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంటే అందులో ప్రేమెక్కడిదే? పోనీలే, అది నీ ఇష్టం. కానీ ఈ పిల్లను చంపావు చూడు, అది మాత్రం మార్చు."

మనవరాలి మొహం వాడిపోయింది. "ఎలా తాతయ్యా? షూటింగు అయిపోయింది. హీరోయిను వేరే దేశంలో ఇంకో సినిమా చేస్తోంది. ఒక్క షాటు కూడా తీసే దారి లేదు. గొడుగు దొర్లుతుంది, చీకటైపోతుంది. నా దగ్గరున్న బొమ్మ అంతే."

పెద్దాయన మొహంలోంచి ఇందాకటి నవ్వు జారిపోయింది. ఆయన మొహం అలా చూడటం అడుగులమ్మ వల్ల కాలేదు.

"చీకటి ఎంతసేపుంటుందమ్మా?" అని అడిగింది.

"పేర్లు మొదలయ్యేదాకా ఇరవై రెండు సెకన్లు. నిశ్శబ్దంగా వదిలేద్దామనుకున్నాను."

"చీకట్లో బొమ్మ ఎందుకు? నాకు వదిలెయ్."

తర్వాతి వారం స్టూడియోలో ముందు మిగిలిన పనులన్నీ తెమిల్చారు. కొట్టులో హీరో నడక అడుగులమ్మ తిన్నగా మళ్ళీ చేసింది. అతని కాళ్ళు కనపడని రెండు షాట్లలో మాత్రం ఆ ఎడమ బూటు లాగుడు అలాగే ఉంచమంది దర్శకురాలు. హీరోగారికి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు. మలుపులో దొర్లే గొడుగుకు అడుగులమ్మ బజారులో ఇంకో గొడుగు కొనుక్కొచ్చింది. అన్నయ్య గొడుగును రోడ్డు మీద దొర్లించడం తన వల్ల కాదని ముందే చెప్పేసింది.

చివరికి ఆ ఇరవై రెండు సెకన్లు మిగిలాయి. పెద్దాయనను తీసుకొచ్చి గదిలోనే ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టారు. "తాతగారూ, ఎర్ర లైటు వెలిగాక దగ్గినా తుమ్మినా మళ్ళీ మొదటికొస్తుంది," అన్నాడు ఇంజనీరు. "నాకు లైటు కనపడదు నాయనా, నువ్వే చెప్పు," అన్నాడాయన. ఇంజనీరు నాలుక కరుచుకున్నాడు. భర్త వెళ్ళి పెద్దాయన పక్కన నిలబడి, వేళయినప్పుడు భుజం మీద చెయ్యి వేస్తానన్నాడు.

అడుగులమ్మ రెండు చెప్పులూ విప్పింది. ఉత్త కాళ్ళ నడకే ఈ పనిలో అన్నిటికంటే కష్టం. బూటైతే అదే పలుకుతుంది, పాదంతో పలికించాలంటే మనిషి బరువంతా తెలియాలి. అరవై ఒక్కేళ్ళ బరువు కాదు, పందొమ్మిదేళ్ళ బరువు. ఆమె పాత గొడుగు తెరిచి తల మీద పట్టుకుంది. పట్టుకుంటే చప్పుడేమీ రాదు. ఎందుకని ఇంజనీరు అడగలేదు.

తెర మీద ఇంకో గొడుగు దొర్లి ఆగింది. తెర నల్లబడింది. భర్త చెయ్యి పెద్దాయన భుజం మీద పడింది. పరిగెత్తకు, నడువు, అనుకుంది అడుగులమ్మ.

నాపరాయి మీద ఒక పాదం పడింది. ఆగింది. ఇంకో పాదం పడింది. ఎండకు కాలిన రోడ్డు మీద పడ్డట్టే చప్పున లేచి మళ్ళీ పడింది. తొందర అణుచుకున్న నడక, అయినా ఎక్కడా తడబడని నడక. అది మలుపు దాటింది, ఇంకో వీధిలోకి వచ్చింది, మెల్లగా మామూలు నడకైంది. మూడు మెట్లు ఎక్కింది. తలుపు కిర్రుమంది. గడియ పడింది.

గదిలో ఎవరూ ఊపిరి తీయలేదు, ఒక్కరు తప్ప. మూల కుర్చీలోంచి పెద్ద నిట్టూర్పు ఒకటి వచ్చింది. నలభై రెండేళ్ళు లోపల దాచుకున్న ఊపిరంతా ఒకేసారి వదిలినట్టుంది.

ఎర్ర లైటు ఆరింది. గాజు అవతల ఇంజనీరు తల పట్టుకున్నాడు. "అమ్మా, అంతా చక్కగా వచ్చింది. చివర్లో తాతగారి నిట్టూర్పు పడిపోయింది. ఇంకోసారి చేద్దామా?"

"పిల్ల ఇల్లు చేరింది," అన్నాడు పెద్దాయన, ఎవరితోనో కాదు, తనలో తనే.

దర్శకురాలు ఒకసారి తాతయ్య వైపు చూసింది, ఒకసారి అడుగులమ్మ వైపు చూసింది. "వద్దండీ. అలాగే ఉంచెయ్యండి," అంది.

సినిమా విడుదలైంది, మూడు వారాలు బాగానే ఆడింది. చివర చీకట్లో అడుగులు వినిపిస్తుంటే జనం లేవబోయి మళ్ళీ కూర్చునేవాళ్ళట. గడియ పడ్డాక వినిపించే ఆ ఊపిరి హీరోయిన్‌దే అనుకున్నారు అందరూ. అడుగులమ్మ, ఆమె భర్త, పెద్దాయన ముగ్గురూ పక్కపక్కన కూర్చుని పగటి ఆట చూశారు. చూపు లేని పెద్దాయనకు ఎక్కడేం జరుగుతోందో భర్త చెవిలో చెప్తూనే ఉన్నాడు, చివరికొచ్చేసరికి చెప్పడం ఆపేశాడు. అక్కడ ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.